అమ్మమ్మ కట్టిన నిమ్మకాయ

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, మేం షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. విమానానికి ఇంజను రాకముందే మా ఊరి దగ్గర్లోని మిషిగన్ సరస్సు ఒడ్డున, ఇసుక దిబ్బల మీద గ్లైడర్లు ఎగరేయించిన ఒక ముసలి ఇంజనీరంటే మా నాన్నకి మహా పిచ్చి. అరవై దాటిన ఆ పెద్దాయన కుర్రాళ్లని రెక్కలకు వేలాడదీసి దిబ్బ మీంచి దూకించేవాడట. ఏది ఎగిరిందో, ఏది ఎందుకు కూలిందో అడిగినవాళ్లకల్లా చెప్పేసేవాడట. అన్నం తింటున్నా మా నాన్నకి అవే కబుర్లు.

ఆ వేసవిలో మా టీచరు ఆ దిబ్బల దగ్గరే పిల్లలకి గ్లైడర్ల పోటీ పెట్టింది. గెలిచినదాన్ని స్కూలు లైబ్రరీలో వేలాడదీస్తారు. అక్కడ నాది వేలాడాలని నాకు ఒకటే ఆశ. నాన్నా నేనూ సన్నటి కర్రపుల్లలకు అమ్మ పాత చీర అతికించి, రెండంతస్తుల రెక్కలతో ఒకటి తయారుచేశాం. విసిరితే ముక్కు పైకెత్తి, తోక మీద కూలబడేది. నాన్న బుర్ర గోక్కోవడమే గానీ కారణం తేలలేదు.

పోటీ రోజు పొద్దున్నే, ఆర్నెల్లు ఉండి వెళ్దామని భీమవరం నుంచి వచ్చిన మా అమ్మమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి, ముక్కుకి ఓ నిమ్మకాయ కట్టేసింది. బరువైపోతుందని నాన్న లబోదిబోమన్నాడు.

"కొత్త బండికి నిమ్మకాయ కట్టకుండా ఎలా బయటికి తీస్తారండీ?" అంది అమ్మమ్మ.

ఆవిడకి చూపించడానికే పెరట్లో విసిరాం. అబ్బో, ఫెన్సు దాకా తిన్నగా పోయింది! నాన్న పగలబడి నవ్వాడు. ఇన్నాళ్లూ దాని ముక్కు తేలికై ఏడిచిందన్నమాట.

దిబ్బల దగ్గర మా క్లాసులో ఒక పిల్ల గ్లైడరు కూడా అచ్చం అలాగే తోక మీద పడుతోంది. నాకు కారణం తెలుసు. చెప్తే నాది ఓడిపోతుంది. నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. మా అమ్మమ్మ ఊరుకుంటేనా! చెప్పులు చేత్తో పట్టుకుని, సంచీలోంచి ఇంకో నిమ్మకాయ తీసి బయల్దేరింది.

"అమ్మమ్మా, వద్దు! ప్లీజ్, నేను లూజ్ అయిపోతా!" అని కొంగు పట్టుకు లాగాను.

"ఓసి పిచ్చిమొహమా, ఆ పిల్ల ఏడుస్తోందే!"

ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. తన ముక్కు చూపించి, గ్లైడరు ముక్కు చూపించి, నవ్వుతూ కట్టేసింది. అంతే, ఆ పిల్లది నాదాన్ని దాటిపోయింది. అమ్మమ్మ నాకెంత గట్టిగా చప్పట్లు కొట్టిందో దానికీ అంతే గట్టిగా కొట్టింది. నాకు ఒళ్లు మండి, ఇసకలో బోర్లా పడి ఏడ్చాను.

పోటీ అయిపోయి అందరూ సర్దుకుంటుంటే ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. మళ్లీ విసురుదామా అంది. ముందు మొహం తిప్పుకున్నాను. ఎంతసేపని తిప్పుకుంటాను? ఇద్దరం దిబ్బ ఎక్కడం, రెండూ కలిపి విసరడం, వాటి వెనక దొర్లుకుంటూ దిగడం. ఎండ తగ్గేదాకా అదే పని. ఓడిపోయానన్న సంగతే మర్చిపోయాను.

అప్పట్నుంచీ నాకేదైనా కొత్తగా తెలిస్తే పక్కవాళ్లకి చెప్పేదాకా నోరు ఊరుకోదు. అలా చెప్పేస్తే నీకేం మిగులుతుందని ఆఫీసులో నన్ను ఆటపట్టించేవారు. అమ్మమ్మ అలా చెప్పేసిన ఆ సాయంత్రం నాతో కలిసి దిబ్బ ఎక్కడానికి ఒక మనిషి మిగిలింది. అంతకంటే ఏం కావాలి?