నాన్న కారు హారను కాంటాక్టు

పాత అంబాసిడర్ స్టీరింగు మధ్యనున్న గుండ్రటి మూత ఊడదీస్తే లోపలినుంచి ఒక వాసన వస్తుంది. ఎండిపోయిన గ్రీజు, వేడికి కమిలిన వైరు తొడుగు, ఎప్పటిదో అగరబత్తి పొగ, వాటన్నిటి మీదా పేరుకున్న హార్బరు ఇనుపఖనిజం ఎర్రదుమ్ము కలిసిన వాసన. కిందటి వారం వన్ టౌన్‌లో మా పుట్టింటి వరండా పక్కన, టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడి ఉన్న నాన్న కారులో కూర్చుని ఆ మూత ఊడదీశాను. కారు కొనుక్కుంటానని వచ్చినాయన ఇంజను చూసుకున్నాడు, టైర్లు తనే మార్చుకుంటానన్నాడు, హారను మాత్రం మోగాలన్నాడట. మెకానిక్కుని పిలుస్తానన్నాడు తమ్ముడు. పాలిటెక్నిక్‌లో పిల్లలకి కరెంటు పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని నేనుండగా మెకానిక్కు ఎందుకని, స్క్రూడ్రైవరు సంచీలో వేసుకుని, నేనుండే దువ్వాడలో రైలెక్కి మరీ వచ్చాను. ఆ కారు ఆగిపోయింది హారను వల్లేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. కాంటాక్టు, అంటే నొక్కితే కరెంటు కలిపే ఇత్తడి రేకు, విరిగింది, అది బాగుచేశాకే కారు తీస్తానని అంటూ అంటూనే నాన్న పోయాడు.

మా నాన్న హార్బరులో ఓడలకు పట్టిన తుప్పు కొట్టించే మేస్త్రీ. ఇనుప ఓడ పొట్టలో దూరి పదిమంది ఒకేసారి సుత్తులతో బాదుతుంటే ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ పనిలో చెవులు మిగిలినవాళ్ళు తక్కువ. నాకు ఊహ తెలిసేసరికే ఆయనకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోదాంట్లో గట్టిగా అరిస్తే ఏదో ఒక ముక్క చేరేది. అలాంటి మనిషి ఎవరో మూలపడేసిన టాక్సీని తుక్కు ధరకి కొని, వరండా పక్కన చాపేసుకుని, సెలవు దొరికినప్పుడల్లా ఒక్కొక్క సామానూ విప్పి, కిరసనాయిలుతో కడిగి, బిగించి, ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్ము పడుతోందని అమ్మ, బట్టల మీద గ్రీజు పడుతోందని నాయనమ్మ సణుగుతుండగానే, ఒక దసరాకి దాన్ని రోడ్డెక్కించాడు. గుమ్మడికాయ పగలగొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, వీధిలో పిల్లలందర్నీ ఎక్కించుకుని ఓడరేవు గేటుదాకా తిప్పాడు. ఆ రోజు నాన్న మొహం చూసినవాళ్ళు విమానం కొన్నాడనుకుని ఉంటారు.

వినపడని మనిషి కారెలా నడిపేవాడంటే, నా వల్ల. ఇందులో గొప్పలేమీ లేవు, జరిగింది చెబుతున్నాను. నాన్న వెనక సీటు నాది. వెనకనుంచి లారీ హారను కొడితే ఆయన కుడిభుజం మీద తట్టాలి. పక్కనుంచి స్కూటరు దూరుతుంటే ఎడమభుజం మీద. రైలు గేటు దగ్గర కూత వినబడితే రెండు భుజాలూ పట్టుకుని నొక్కాలి. తమ్ముణ్ణి కూర్చోబెడితే గేదె అరిచినా తట్టేవాడు, చెల్లెలు వన్ టౌన్ సందులు దాటకుండానే నిద్రపోయేది. నేను మాత్రం వేసవిలో భీమిలి వెళ్తూ ఒళ్ళో పనసతొనలు పెట్టుకున్నా, వానాకాలం అద్దాల మీద నీళ్ళు కారుతూ అమ్మ వేయించి తెచ్చిన పనసపిక్కల వాసన కారంతా కమ్ముకున్నా, తిరుగు ప్రయాణంలో తడి బట్టల్లో ఇసుక గరగరలాడుతూ అందరూ ఒకరి మీద ఒకరు పడి తూగుతున్నా, నా చెయ్యి నాన్న భుజానికి జానెడు దూరంలోనే ఉండేది. బస్సుది లావు గొంతు, లారీది దగ్గు గొంతు, ఆటోది ఏడుపు గొంతు అని పేర్లు పెట్టుకున్నాను.

మా పెదమావయ్యకి, అంటే అమ్మ అన్నయ్యకి, ఇదేమీ నచ్చేది కాదు. రైల్వేలో పనిచేసేవాడు, రూలంటే రూలే. మా చిన్నత్త పెళ్ళి తగరపువలసలో కుదిరి, పెళ్ళికూతురు నాన్న కారులోనే వెళ్ళాలని అనుకున్నప్పుడు, అందరి ముందూ కాగితం మడిచి గొట్టం చేసి నాన్న చెవిలో అరిచాడు.

"సెవుడు మనిషి కారు తోలడమేటి బావా? నాను ముందు సీట్లో కూకుని సూత్తాను. బాగుంటే సరే. నేదంటే పెళ్ళయ్యాక కారు అమ్మీడమే."

నాన్న సరేనని తలూపాడు. ఆ కారు పోతే ఆయనకి సుత్తులు తప్ప ఇంకేమీ మిగలదని నాకు ఆ వయసులోనే తెలుసు.

మధురవాడ దాకా బ్రహ్మాండంగా సాగింది. అక్కడ రోడ్డుకి అడ్డంగా వచ్చిన మేకల కోసం నాన్న హారను నొక్కాడు. మేకలు పోయాయి, హారను ఆగలేదు. లోపల కాంటాక్టు రేకు విరిగి ఇరుక్కుపోయింది. చెవులు చిల్లులు పడేలా అది మోగుతూనే ఉంది, నాన్న హాయిగా నడుపుతూనే ఉన్నాడు. టీ దుకాణాల్లో జనం లేచి నిలబడి చేతులు ఊపుతుంటే, పెళ్ళికూతుర్ని చూసి ముచ్చటపడుతున్నారనుకుని తనూ చెయ్యి ఊపాడు. "బావా, హారను! హారను!" అని మావయ్య అరిస్తే, నిదానంగా వెళ్ళమంటున్నాడనుకుని ఇంకా నిదానించాడు. చిన్నత్త బుగ్గచుక్క చెదిరేలా నవ్వుతోంది. నాకు మాత్రం ఏడుపొస్తోంది. అన్ని చప్పుళ్ళకీ తట్టు ఉంది కానీ మా కారు చప్పుడుకి తట్టు లేదు. చివరికి నడుందాకా ముందుకి వంగి, నా అరచెయ్యి స్టీరింగు మధ్యలో ఆనించాను. నాన్న ఒక్క క్షణం నా చేతికేసి చూసి, కారు పక్కకి తీశాడు.

హారను వైరు లాగేసి, మూత విప్పి, విరిగిన ఇత్తడి రేకు బయటికి తీశాడు. పెళ్ళింటికని మావయ్య తెచ్చుకున్న కొత్త టార్చిలైటు అడిగి పుచ్చుకుని, ఆయన వద్దు వద్దంటుండగానే దాని లోపలి ఇత్తడి పట్టీ కత్తిరించి, వంచి, మరలు బిగించాడు. వైరు తగిలించి హారను నొక్కి, అంతమందిలో ఏ మొహమాటమూ లేకుండా నాకేసి తిరిగాడు.

"మోగిందేటే?"

మోగిందని తలూపాను. మళ్ళీ నొక్కి, ఆగిందా అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆగిందన్నాను. అక్కణ్ణుంచి మావయ్య రోడ్డు చూడటం మానేసి వెనక్కి తిరిగి నా చెయ్యే చూశాడు. లారీ హారను కొట్టడం, నా చెయ్యి నాన్న భుజం తట్టడం, కారు తప్పుకోవడం. తగరపువలస చేరేదాకా అదే చూశాడు. దిగాక నన్ను చూపించి అమ్మతో ఒకే మాట అన్నాడు.

"ఈ గుంటని ఎనక సీట్లోంచి తియ్యకండి. ఇదున్నంత కాలం బావ కారు తోలొచ్చు."

ఆ మాట మీదే మా కారు నా పెళ్ళిదాకా నడిచింది. ఇప్పుడు ఆ దారిలో మేకలు లేవు, టీ దుకాణాల చోట మేడలు లేచాయి, మధురవాడ ఊరు కాదు, నగరమే. చిన్నత్త లేదు, మావయ్యా లేడు. పిల్లల చేతిలో పనసతొన పెడితే గింజ ఎక్కడ పారెయ్యాలని అడుగుతున్నారు.

కిందటి వారం మూత విప్పి చూస్తే లోపల నాన్న వేసిన ఇత్తడి పట్టీయే ఉంది, విరిగి. బ్యాటరీ పెట్టి, కొత్త రేకు కత్తిరించి బిగించేసరికి అరగంట పట్టింది. నొక్కితే సందు సందంతా ఉలిక్కిపడింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. రోడ్డు మీద నిలబడి బాగుచేసిన మనిషి ఇంటి దగ్గర ఇన్నేళ్ళూ ఎందుకు చెయ్యలేదు? విరిగిన పట్టీని వెలుతురులో పెట్టి చూశాను. అరిగి విరిగింది కాదు. పట్టకారుతో పట్టి మెలిపెట్టిన గాట్లు రెండువైపులా స్పష్టంగా ఉన్నాయి.

వరండాలో కూర్చున్న అమ్మకి చూపించాను.

"మీ నాన్నే ఇరిసీసినాడు," అంది అమ్మ, చిక్కుడుకాయలు ఒలుస్తూనే. "నిన్ను అత్తోరింట్లో దిగబెట్టొచ్చిన మర్నాడు. ఎనకాల నాను కూకుంటానని తమ్ముడొకటే గొడవ. ఆడి మీద నమ్మకం నేదని సెప్తే ఆడు బాదపడతాడు గదా. హారను పోయిందన్నాడు, ఊరుకున్నాడు."

"దువ్వాడ ఎంత దూరమమ్మా? పిలిస్తే ఒచ్చీదాన్ని గదా, ప్రతి ఆదివారం."

"ఒచ్చీదానివే," అంది అమ్మ. "అందుకే పిలవనేదు."