మూడో అంతస్తులో హాజరు పట్టీ

తొమ్మిదిన్నరకల్లా ఆమె చక్రాల కుర్చీ ఆఫీసు గుమ్మం దాటుతుంది. తోసి తోసి అరచేతులు కాయలు కాశాయి. అందరూ టైపిస్టమ్మ అంటారు. ఇరవై ఏళ్లుగా ఈ కింది అంతస్తే ఆమె లోకం. పై అంతస్తులంటే నెత్తిమీద కుర్చీలు జరుగుతున్న చప్పుడు, అంతే. లిఫ్టు పెట్టించమని ఏటా అర్జీ రాస్తుంది. జవాబు ఇంకా మెట్లు దిగలేదు. పనిచోట అందరికీ సమాన అవకాశాలిచ్చే చట్టం మీద ఏటా జరిగే శిక్షణ ఉందనీ, మూడో అంతస్తుకు అందరూ తప్పక రావాలనీ సర్క్యులరు టైపు చేసింది కూడా ఆమే, ఒక్క అక్షరం తప్పు పోకుండా.

శిక్షణ ముగిశాక గుమాస్తా హాజరు పట్టీతో రొప్పుతూ దిగాడు.

"ఓ సంతకం పడేయండక్కా. అందరూ వచ్చినట్టుంటేనే మన ఆఫీసుకి సర్టిఫికెట్టట. మీరొక్కరే మిగిలారు."

"నేను రాలేదుగా."

"రాకపోతేనేం, రెండు గంటలూ మీ గురించే చెప్పారు."

ఆమె చిన్నగా నవ్వింది. ప్రతి ఏడూ చేసినట్టే కలం మూత తీసింది. తన పేరు పక్కనున్న ఖాళీ గడిని కాసేపు చూసి, మూత మళ్లీ పెట్టేసింది.

"పట్టీ పైనే ఉంచు తమ్ముడూ," అంది అలసటగా. "నేనే వచ్చి పెడతాను."