విశ్వాసానికి నాయనమ్మ చెప్పిన అర్థం

చండ్రుగొండ దగ్గర మా ఊళ్లో ఒక రేకుల చర్చి ఉండేది. అక్కడ బాప్తిస్మం తీసుకోవాలంటే ముందు ఆదివారం పాస్టరు గారు సంఘం ఎదుటే ప్రశ్నలు అడిగేవారు. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్న ఏడు, నేనూ నాయనమ్మా ఒకే జట్టులో పేర్లు ఇచ్చాం. అంతకుముందు ఏడాది ఆమె జవాబు చెప్పలేక ఆగిపోయింది. ప్రభువు బల్ల రోజున, బాప్తిస్మం అయినవాళ్లకే ఇచ్చే రొట్టె పళ్లెం తనను దాటి పోతుంటే, కొంగుతో మూతి తుడుచుకుని, ఏమీ పట్టనట్టు పైరేకుల వంక చూసేది. ఈసారి కూడా తప్పితే ఇక చర్చి గడప తొక్కనని ఇంట్లో తేల్చి చెప్పింది.

అందుకని వారం రోజులు నేను ఆమెకు పంతులమ్మనయ్యాను. నలుగురిలో నోరు మెదపను గానీ, ఇంట్లో నేను గట్టిదాన్నే. ప్రశ్నా జవాబూ డైరీలో రాసుకుని, పత్తి చేలో ఆమె వెంట తిరుగుతూ వల్లె వేయించాను.

"నువ్వు నీతిమంతురాలివి ఎట్లయితవ్ నాయనమ్మా?"

"నేనేడి నీతిమంతురాల్నే! మీ తాతను తిట్టని రోజుందా?"

"గదంతా ఆడ చెప్పకు. విశ్వాసం వల్ల అను."

"ఇస్వాసం వల్ల." ఇంకో సాలు దాటేసరికి మళ్లీ మరిచిపోయేది.

ఆదివారం ఆమె వంతు వచ్చింది. ఆ జవాబు తడుముకోకుండా చెప్పేసింది. నేను హమ్మయ్య అనుకునేలోపే పాస్టరు గారు నా డైరీలో లేని ప్రశ్న వేశారు.

"విశ్వాసం అంటే ఏమిటమ్మా?"

"కుక్కకుంటది సూడుండ్రి, గది అయ్యగారూ."

చర్చి అంతా ఘొల్లుమంది. నాకు చాప కిందికి దూరిపోదామా అనిపించింది. పాస్టరు గారు నవ్వు ఆపుకుంటూ, "అంటే, కాపలా కాయడమా?" అన్నారు.

"మా దానికి కాపలా గూడానా? దొంగొస్తే మంచం కిందికి పోతది. కోడిగుడ్లు తాగుతది. ఎన్నిసార్లు కట్టెతోని కొట్టిన్నో. అయినా నేను కంచం ముందర కూసుంటే చాలు, వచ్చి నా మొకం జూస్తది. పెడ్తనని దానికి నమ్మకం. ఏం పనిజేసిందని పెడ్త? ఆ సూపుకే పెడ్త. నేను గూడ ఆ ప్రభువు ముందర గట్లనే కూసున్న. ఇంక నా దగ్గరేముంది?"

నవ్వులు ఆగిపోయాయి. ఎవరిదో సెల్‌ఫోన్ మోగింది. ఆ రోజుల్లో సెల్ మోగితే అందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్లు. అప్పుడు మాత్రం ఎవరూ తిరగలేదు. పాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "శుక్రవారం బాప్తిస్మానికి వాగు దగ్గరికి రా అమ్మా" అన్నారు.

"తెల్లచీరెనే గదా కట్టాల్సింది?" అని ఆమె అక్కడే ఖాయం చేసుకుంది.

తర్వాత నేను. నాకు రెండు పేజీల జవాబు కంఠతా వచ్చు. లేచి నిలబడగానే ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"నీ సంగతేమిటమ్మా?"

"నాది గూడ... నాయనమ్మ చెప్పిందే అయ్యగారూ."

పాస్టరు గారు తలాడించి నా పేరూ రాసుకున్నారు. నేను కూర్చోగానే నాయనమ్మ మోచేత్తో పొడిచి, సంఘమంతటికీ వినబడే గుసగుసతో అంది: "వారమంత నాకు సదువు చెప్తివి, ఆఖర్కి నా దాంట్లనే సూసి రాస్తివేందే!"