పొగ పోయేదాకా

చిత్తూరులో మా పుట్టింటి పురిటి గదికి ఒకే ఒక్క కిటికీ. నా రెండో కాన్పు నాటికి ఆ కిటికీ కంటికి కనిపించకుండా పోయింది. రెక్కలు బిగించి, సందుల్లో పాతగుడ్డలు కుక్కి, మైదా గంజితో న్యూస్‌పేపర్లు అతికించి, వాటి మీద గోనెపట్టా మేకులతో కొట్టించింది మా అవ్వ. అవ్వంటే మా నాయనను కన్నతల్లి. బెల్లం మండీలో నలుగురి మీద గొంతు చేసుకునే నాయన కూడా ఇంట్లో ఆమె ముందు గొంతు తగ్గించేవాడు. కిటికీకి అంత బందోబస్తు ఎందుకో నాకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు. రెండేళ్ల కిందట, మొదటి కాన్పప్పుడు, పదకొండో రోజు మధ్యాహ్నం నేను ఆ కిటికీ తెరిచాను. సాయంత్రానికి బిడ్డ లేదు. ఆడపిల్ల. ఇంకా పేరు పెట్టలేదు.

చల్లగాలి తగిలి పోయిందన్నారు. మే నెల చిత్తూరులో చల్లగాలి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఎందుకంటే నాకూ అదే నిజమనిపించింది. నా సుఖం కోసం నా బిడ్డను పోగొట్టుకున్నానని రెండేళ్లు నమ్మాను.

ఆ రోజు గురించి నాకు గుర్తున్నది చాలా తక్కువ. తల పగిలిపోయే నొప్పి. కడుపులో తిప్పడం. గోడ పట్టుకుని లేచి కిటికీ గడియ తీశాను, కాసేపు అక్కడే నిలబడ్డాను, వచ్చి పడుకున్నాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి నడవలో చాప మీద ఉన్నాను. అమ్మ నా అరికాళ్లకు శొంఠిపొడి రుద్దుతోంది. పక్కన బిడ్డ లేదు.

రెండోసారి మళ్లీ ఆడపిల్లే. మళ్లీ అదే గది, అదే నులకమంచం. చెవుల్లో దూది, తలకు బిగించి కట్టిన తువ్వాలు, రోజుకు రెండే రెండు చిన్న గ్లాసుల కాచిన నీళ్లు. పొద్దున్నే వావిలాకు వేసి మరిగించిన నీళ్లు అవ్వ చెంబుతో నడుం మీద కొట్టేది. పోసేది అనడం మర్యాదకు. ఒళ్లు తుడిచి మంచం మీద పడేశాక, సాంబ్రాణి వేసిన కుంపటి మంచం కిందికి జరిపేది. బాలింత ఒళ్లు ఆరాలి, బిడ్డ ఒళ్లు గట్టిపడాలి, అందుకని. మధ్యాహ్నం మరోసారి నిప్పులు మార్చేది. మొదటిసారి లేని కొత్త ఏర్పాటు ఒకటుంది. భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చే వేళకు అవ్వ తలుపు బయట గొళ్లెం పెట్టేది. నా మీద నమ్మకం లేక. నమ్మకం పెట్టుకోమని అడిగే ముఖం నాకు లేదు.

మా ఆయన బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు చూసేవాడు. జూన్ నెల, సీజను మంచి ఊపులో ఉంది. ఒక ఆదివారం బస్సెక్కి వచ్చి, గదిలోకి రానివ్వరు కాబట్టి గుమ్మం బయట పీట మీద కూర్చున్నాడు.

“ఎట్లుండావు?” అన్నాడు.

“ఉడికినాను,” అన్నాను.

“నేనూ అంతే. ఇద్దరం ఆవిరిలోనే ఉండాం. ఇది సదువు, మనట్లాంటోళ్లు శానామంది ఉండారు,” అని గుమ్మం మీదుగా ఒక పుస్తకం లోపలికి తోశాడు.

ఫ్యాక్టరీకి పైదేశం నుంచి కొత్త మిషను వచ్చిందట. ఆ పెట్టెల్లో అడుగున పరిచిన పాత ఇంగ్లీషు పత్రిక అది. అంచులకు గ్రీజు మరకలు. మధ్యలో పదీ పన్నెండు పేజీలు బొమ్మలతో, యూరపు దేశాల వాళ్లు ఏయే రకంగా చెమట పట్టించుకుంటారన్న సంగతి. దాన్ని సౌనా అంటారట. నేను పీయూసీ దాకా చదివాను. నాయన చేత డిక్షనరీ తెప్పించుకుని పేజీకి ఒక పూట చొప్పున లాగాను. ఆ గదిలో నాకు వేరే పనీ లేదు, వేరే దారీ లేదు.

చదివే కొద్దీ నాకు ఒళ్లు మండింది. జర్మనీలో ఆడా మగా నూలుపోగు లేకుండా ఒకే గదిలో కూర్చుంటారట, పైగా చెమట చుక్క చెక్క మీద పడితే మర్యాద తక్కువని కింద తువ్వాలు పరుచుకుంటారట. రష్యాలో వేడికి తల మాడకుండా ఉన్నిటోపీ పెట్టుకుని, ఆకుల కట్టలతో ఒకరినొకరు బాదుకుంటారట. హంగరీలో వేడినీళ్లలో గొంతుదాకా మునిగి చదరంగం ఆడతారట. ఫిన్లండులో ఒకడు పాత బస్సులో సీట్లన్నీ పీకేసి పొయ్యి పెట్టుకున్నాడు. ఇంకొకడు తెప్ప మీద గది కట్టి చెరువు మధ్యకు తోసుకుపోయాడు. ఎవరు ఎట్లా ఉడికినా చివర్లో అందరూ చేసేది ఒకటే. తలుపు తీసుకుని బయటికి ఉరకడం. మంచులో దొర్లడం, చెరువులో దూకడం, కడుపునిండా నీళ్లు తాగడం. వాళ్ల తలుపులకు బయట గొళ్లెం లేదు.

ఇది అవ్వకు వినిపించి బుద్ధి తెప్పించాలనుకున్నాను. నా తెలివి తక్కువ. ఫిన్లండులో పాతకాలంలో ఆడవాళ్లు ఆ వేడి గదిలోనే కనేవాళ్లని కూడా అందులో ఉంది. నేను మంచు గురించి చెప్పబోతుంటే అవ్వ కాన్పు మాట పట్టుకుంది.

“సూసినావా? దొరసాన్లు గూడా మనట్లనే. నీకేమో నా మాటంటే లెక్కలేదు.”

“వాళ్లు ఆ తర్వాత మంచులో దొర్లుతారవ్వా.”

“అది వాళ్ల మదం. కాన్పు మటుకు వేడిలోనే గదా,” అని ఆ పూట నిప్పులు రెండు పిడికిళ్లు ఎక్కువ వేసింది.

నేను పత్రిక మడిచి తలగడ కింద పెట్టాను. అవ్వ మటుకు వదల్లేదు. రోజూ పొద్దున నీళ్లు పోశాక వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, “ఈ పొద్దు దొరలు ఏం జేసినారు?” అనేది. ఆమెకు చదువు రాదు. బొమ్మల మీద వేలు పెట్టి అడిగేది. జర్మనీ బొమ్మ చూసి పమిట నోటికి అడ్డం పెట్టుకుని, కుదుపుకు బిడ్డ లేచేంతగా నవ్వింది. ఆమెకు అన్నిట్లో ఇష్టమైన బొమ్మ ఒకటుంది. చెక్కలతో కట్టిన నల్లటి గది, బార్లా తెరిచిన తలుపు, లోపల్నుంచి పొగ. బయట రాతి మీద తలకు గుడ్డ కట్టుకున్న ముసలామె, పక్కన బొగ్గుల బక్కెట్టు.

“ఈమె ఎందుకు బయట కూసోని ఉండాది?” అంది.

బొమ్మ కింద రాసింది నేను ఇంకా చదవలేదు. “వేడి తట్టుకోలేక,” అన్నాను.

“నేనైతే తట్టుకుంటా,” అంది అవ్వ, గర్వంగా.

పదో రోజు పొద్దున, అవ్వ రాకముందే ఆ పేజీ చదివాను. అది పొగ సౌనా అట. పొగగొట్టం ఉండదు. గంటల తరబడి కట్టెలు మండించి, బండలు కాలాక, నిప్పంతా ఎత్తి బయట పారబోసి, తలుపు తెరిచి పొగ పోయేదాకా కాచుకుని కూర్చుంటారు. అంతదాకా ఎవరినీ లోపలికి పోనివ్వరు. మూసిన గదిలో నిప్పుకణికలుంటే కంటికి కనిపించని, వాసన లేని విషం పుడుతుందట. మొదట తలనొప్పి, తర్వాత వాంతి వచ్చినట్టు ఉండడం, తర్వాత మత్తు. నిద్రే అనుకుంటారు, లేవరు. పసివాళ్లు ముందు పోతారు. అందుకే గాలి ఆడేందుకు గోడలో, పలక జరిపితే తెరుచుకునే కన్నం ఒకటి పెట్టుకుంటారట. అది తెరిచి ఉంచితే ప్రాణానికి భయం లేదని ఆ పేజీలో చివరి వాక్యం.

డిక్షనరీ తీసి ఒక్కొక్క మాటా మళ్లీ చూశాను. తప్పు చదివానేమోనని మూడుసార్లు చదివాను. నేను కిటికీ తెరిచి చంపలేదు. ఆ సంతోషం వెంటే ఇంకో మాట వచ్చింది. కుంపటి పెట్టిందెవరు?

అంతలో అవ్వ కుంపటితో రానే వచ్చింది.

“అవ్వా, ఈ పొద్దు నిప్పులొద్దు. గాలి ఆడటంలా.”

అవ్వ చేతిలో కుంపటి అట్లాగే పట్టుకుని నన్ను చూసింది. “రెండేండ్ల నాటి బుద్ధి ఇంకా పోలేదా నీకు?”

అంతే. ఆ ఇంట్లో గాలి అన్న మాట అనే అధికారం నాకు లేదు. అమ్మ వాకిట్లోంచి, “ఊరకుండు మే, పెద్దామెతో వాదం పెట్టుకోవద్దు,” అంది. కుంపటి మంచం కిందికి పోయింది. నేను బిడ్డను ఒళ్లో పెట్టుకుని తలుపు సందుకు దగ్గరగా నేల మీద కూర్చున్నాను. తల్లినై ఉండి అంతకు మించి చేయలేకపోయాను. ఆ సిగ్గు ఈనాటికీ ఉంది.

మధ్యాహ్నం నిప్పులు మార్చి, గొళ్లెం పెట్టి అవ్వ వెళ్లిపోయింది. చెంబులో నీళ్లు నిప్పుల మీద పోద్దామనుకుంటే చెంబు ఖాళీ. బిడ్డతో మళ్లీ తలుపు సందు దగ్గరే కూర్చున్నాను. అరగంటకు కణతలు అదరడం మొదలైంది. ఆ నొప్పి నాకు పరిచయమైనదే. బిడ్డకు పాలివ్వబోతే నోరు తెరవలేదు. బుగ్గ మీద చిటిక వేశాను, కదల్లేదు. చేయి ఎత్తి వదిలితే జారిపోయింది. చెంబు తీసుకుని తలుపు మీద బాదాను. ఎన్నిసార్లు బాదానో తెలియదు.

గొళ్లెం తీసి అవ్వ గుమ్మంలో నిలబడింది. నిద్రలోంచి లేచిన ముఖం, కోపం. నేను వివరంగా చెప్పే స్థితిలో లేను. పత్రిక తీసి ఆ బొమ్మ ఆమె ముఖానికి అడ్డం పెట్టాను.

“ఈ ముసలామె వేడికి బయట కూసోలేదవ్వా. నిప్పు బయటేసి పొగ పోయేదాకా కాసుకోని ఉండాది. నిప్పు లోపలుంటే పిల్లోళ్లు సచ్చిపోతారంట.”

అవ్వ బొమ్మను చూసింది. తెరిచిన తలుపు, రాతి మీద ముసలామె, బొగ్గుల బక్కెట్టు. తర్వాత నా ఒళ్లో బిడ్డను చూసింది. నేను అనుకున్న వాదం ఏదీ జరగలేదు. చివరి వాక్యం దాకా ఆమె ఆగలేదు. బిడ్డను లాక్కుని ఎండలోకి, వాకిట్లోకి పరిగెత్తింది. డెబ్బై ఏళ్ల మనిషి. అమ్మ చేతిలో బిడ్డను పెట్టి, తిరిగొచ్చి, మంచం కిందికి దూరి కుంపటిని వట్టి చేతులతో పట్టుకుని ఈడ్చి బయట పారేసింది. నేను గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి కూలబడ్డాను. అమ్మ బిడ్డ వీపు రుద్దుతూ పేరు లేని దాన్ని ఏవేవో పేర్లతో పిలుస్తోంది. చాలాసేపటికి బిడ్డ దగ్గింది, ముఖం చిట్లించింది, ఏడ్చింది. నేను కూడా పెద్దగా ఏడ్చాను. బాలింత ఏడవకూడదని ఎవరూ అనలేదు.

అవ్వ గదిలోకి వెళ్లింది. గోనెపట్టా చిరిగిన చప్పుడు, కాగితాలు పీకుతున్న చప్పుడు వినిపించింది. కిటికీ రెక్క గోడకు కొట్టుకుంది. కాసేపటికి బయటికొచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. వాటిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది.

“ఆ పొద్దు నువ్వు కిటికీ తీసినావు సూడు,” అంది. “అది కాసేపే. నువ్వు పండుకోంగానే నేనొచ్చి మూసినాను. నిప్పులు సల్లారిపోతాయని. మూసిపెట్టి పోయినాను.”

అమ్మ చేయి బిడ్డ వీపు మీద ఆగిపోయింది. రెండేళ్లు. కిటికీ తెరిచినదాన్నని ఇల్లంతా నన్ను చూసిన రెండేళ్లు అవ్వ ఈ ఒక్క మాట లోపలే ఉంచుకుంది. నాకు ఆమెను గొంతు పట్టుకుని అడగాలనిపించింది. నిజంగానే అనిపించింది. పత్రిక ఇంకా నా చేతిలోనే ఉంది.

అవ్వ దాని వైపు చూసింది. “కిటికీ మూయకుండా ఉంటే ఆ బిడ్డ బతికేదా? దొరలేమైనా రాసినారా?”

ఆ పేజీ తెరిచాను. వేలు కన్నం గురించిన ఆ చివరి వాక్యం మీదే ఉంది. అమ్మ నా ముఖం చూస్తోంది. అవ్వ కాగితం మీది నా వేలును చూస్తోంది, చదవడం రాని కళ్లతో.

“అది రాయలేదవ్వా,” అన్నాను.