పెద్దమ్మ ఊపిరి

వాట్‌గంజ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. ఆమెకు మనసులో ప్రార్థించుకోవడం రాదు, పైకే చెప్పాలి. కడుపులో అరుదైన గడ్డ ఉందని తేలాక, కోసి తీయవచ్చో లేదో చూడటానికి నేనే స్కానింగుకు తీసుకెళ్లాను. ఊపిరి బిగబట్టమన్న ప్రతిసారీ "ప్రభువా" అనేసేది. రెండుసార్లు బొమ్మ చెదిరింది.

"మాషిమా, ఏక్‌దమ్ చుప్!" అని బెంగాలీలో విసుక్కున్నాడు స్కానింగు చేసే అతను, అస్సలు మాట్లాడొద్దని.

"ప్రార్థన మానీమంతన్నాడేటే ఈ దాదా?" అంది నాతో.

"నువ్వూరుకో పెద్దమ్మా, నీ బదులు నాను చేస్తాను."

మూడోసారి బొమ్మ తేటగా వచ్చింది. గడ్డ పెద్ద రక్తనాళాన్ని చుట్టేసిందనీ, కోయలేమనీ డాక్టరు చెప్పారు.

తిరుగు బస్సులో పెద్దమ్మ అడిగింది, "దేవుణ్ని ఏటడిగినావే?"

"నీ స్వస్థతే పెద్దమ్మా," అని అబద్ధమాడాను. నేను అడిగింది బొమ్మ తేటగా రావాలని మాత్రమే.