షమీమక్క గోడ మీద గ్రహణం

ప్రొద్దుటూరులో నేను అద్దెకుంటున్న గది కింద ఒక బేకరీ ఉంది. డిసెంబరు రాగానే అక్కడ గులాబి పూలు వండుతారు. కాగిన నూనెలో అచ్చు ముంచగానే కొబ్బరిపాలు కలిపిన పిండి వాసన మెట్లెక్కి నా గదిలోకి వస్తుంది. దాంతోపాటు పులివెందులలోని మా సందు, క్రిస్మస్ మరునాటి ఒక ఉదయం గుర్తుకొస్తాయి. ఆ ఉదయం సూర్యగ్రహణం. నాకు పన్నెండేళ్లు, చెల్లెలు రూతుకు తొమ్మిది.

అప్పటికి రెండేళ్లుగా మేం బడికి పోవడం లేదు. రూతుకు నత్తి. క్లాసులో పిల్లలు వెక్కిరించి నవ్వుతుంటే అది సరిగ్గా అన్నం తినడం కూడా మానేసింది. అమ్మ తన టీచరు ఉద్యోగం వదిలేసి ఇద్దరినీ ఇంట్లోనే కూర్చోబెట్టుకుంది. నాన్న తుమ్మలపల్లె గనికి షిఫ్టుకు పోగానే వసారాలో చాప పరిచి, శనక్కాయలు ఒలుస్తూ ఎక్కాలు, రొట్టె తుంచుతూ భిన్నాలు నేర్చుకునేవాళ్లం. రూతు మాటలు పూర్తిచేసే పని నాది. "నీ..." అనగానే "నీళ్లా?" అంటూ తెచ్చిచ్చేదాన్ని. అది సాయమనుకునేదాన్ని.

ఆ రోజు "రాహువూ లేదు, కేతువూ లేదు, అంతా దేవుని కార్యం" అంటూనే నాన్న వాళ్లమ్మ, మా జేజి, తలుపేసుకుని మంచమెక్కింది. మేం వాకిట్లో చిల్లుల గరిటె ఎండకు పట్టి, నేల మీద పడ్డ చిన్న చిన్న నెలవంకలను లెక్కపెడుతున్నాం. ఎదురింటి షమీమక్కకు ఎనిమిదో నెల. భర్త కువైట్‌లో ఉన్నాడు. గ్రహణం విడిచేదాకా కదలొద్దని అత్త ఆమెను గదిలో కూర్చోబెట్టింది.

"రూతూ, యాడిదాకా మింగిందే? నాకూ చెప్పు," అని మూసిన కిటికీ వెనక నుంచి షమీమక్క కేకేసింది.

రూతు లోపలికి పరిగెత్తి నాన్న గడ్డం గీసుకునే అద్దం తెచ్చింది. అమ్మ ముందువారం నేర్పినట్టే, చొక్కా గుండీ అంత చిల్లు చేసిన నల్ల కాగితం దానికి అంటించి, ఎండను ఆ కిటికీ వైపు తిప్పింది. షమీమక్క అత్త గుమ్మంలోకి వచ్చింది.

"ఏందే అది? గ్రహణాన్ని ఇంట్లోకి తెస్తాండావా? కడుపుతో ఉండే పిల్లకు ఏమన్నా అయితే?"

"ఎ... ఎ..." అని రూతు ఆగిపోయింది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే ఉన్న అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఉండు. అది చెప్తాది."

సందంతా దాని నోటివైపే చూస్తున్నట్టు నాకు అనిపించింది.

"ఎండే అవ్వా. రోజూ మీ కిటికీలోంచి వచ్చే ఎండే. చంద్రుడు అ... అడ్డమొచ్చినాడు, అంతే. అక్కా, నువ్వు అద్దం దిక్కు చూడొద్దు. గో... గోడనే చూడు."

ఎవరూ నవ్వలేదు. అత్త మా అమ్మ ముఖంలోకి చూసింది. కాసేపటికి తనే లోపలికి వెళ్లి కిటికీ రెక్క జానెడు తెరిచింది. సున్నం కొట్టిన గోడ మీద, చీకట్లో, అరచేయంత వెలుగు పడింది. ఒక పక్క కొరికినట్టుంది.

"నిన్న మీరు పంపిన కర్జికాయ మాదిరే ఉందే!" అంది షమీమక్క.

ఎండ పలచబడింది, చలేసింది. వెలుగు గోడ మీద జరిగిపోతుంటే రూతు అద్దం సర్దుతూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ గంటసేపు చెప్పింది. అది అంతసేపు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. చివరికి అత్త కూడా మంచం మీద కూర్చుని, "ఇంగ కొంచెం ఇట్లా తిప్పు," అంది.

నెలన్నరకు షమీమక్కకు ఆడపిల్ల పుట్టింది. అత్త మొదట పాప పెదవులూ వేళ్లూ చూసుకుని, తర్వాత మా ఇంటికొచ్చి, "అన్నీ బాగుండాయి," అని రూతుకు చెప్పి పోయింది.

షమీమక్క కూర్చున్న ఆ గది ఇప్పుడు లేదు. ఇల్లు పడగొట్టి రెండంతస్తులు కట్టారు. షమీమక్క పాపతో కువైట్ వెళ్లిపోయింది. జేజి పోయింది. రూతు తొమ్మిదో తరగతిలో మళ్లీ బడిలో చేరింది. నత్తి పోలేదు, మాటకోసం అది ఆగుతుంది, నేనూ ఆగడం నేర్చుకున్నాను. అమ్మ మళ్లీ ఉద్యోగానికి వెళుతోంది. పొద్దున తొమ్మిదికల్లా, మేం వసారాలో చాప పరుచుకునే వేళకు, మా ఇంటికి తాళం పడుతుంది.