రెండు వాల్వు ఆంప్‌లు, ఒక మెటల్ పాట

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, "అత్తా, ఈ రెండు ఆంపుల్లో మెటల్‌కి ఏది బాగుంటాదో సెప్పు" అని అడిగింది. గిటారు మోతను పెంచే పాత వాల్వు ఆంప్‌లను ఇప్పుడు ఫోనులోని యాప్ అచ్చంగా అనుకరిస్తుంది. ఆ గర్జన వినగానే నా మనసు విజయనగరంలో చదువుకున్న రోజులకు వెళ్లిపోయింది.

మాది కళింగపట్నం, ఇంటిల్లిపాదిదీ చేపల వ్యాపారం. నేను మాత్రం డిగ్రీ కోసం మేనమామ ఇంట్లో ఉంటూ, పెళ్లిళ్లలో వాయించే ఆయన ఆర్కెస్ట్రాలో గిటారు నేర్చుకుని, ఆయన కొడుకు, మా బావ తెచ్చిన క్యాసెట్లు విని మెటల్ అనే ఆ హోరు రాక్ సంగీతం పిచ్చిలో పడ్డాను. కాలేజీ వార్షికోత్సవంలో ఒక్క పాటకు అవకాశం దొరికితే, మావయ్య విశాఖ నుంచి రెండు పాత వాల్వు ఆంప్‌లు తెప్పించి, ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు. మన ఈడు వాళ్లకు పాత రేడియోలు గుర్తుంటాయి కదా, వీటి వెనకా అలాంటి గాజు గొట్టాలే. అవి వేడెక్కేదాకా ఆగి వాయించాలి.

పెద్దదానిలో గెయిన్, అంటే మోతలో గరగర పెంచే మీట, పూర్తిగా తిప్పితే గోడలు అదిరేవి, డ్రమ్ములు వాయించే బావకు అదే నచ్చింది. కానీ అరచేతి అంచు ఆనించి లావు తీగను వేగంగా కొడితే దెబ్బలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. చిన్నదానిలో అంత ఆర్భాటం లేదు గాని, ప్రతి దెబ్బా విడిగా, గట్టిగా పలికేది. నేను చిన్నదానికే పట్టుబట్టాను.

"ఒసే, స్టేజీ మీద అది దోమలాగ వినిపిస్తాది, నవ్వుతారు" అన్నాడు బావ.

"నవ్వితే నవ్వనీ బావా. నా సెయ్యి ఏటి వాయిస్తన్నాదో జనానికి తెలియాల" అన్నాను.

ఆ సాయంత్రం పాట సగంలో ఉండగా వోల్టేజీ పడిపోయి ఆంప్ నీరసించింది. ఆపమని ముందు వరుసల్లోంచి కేకలు లేచాయి. నేను ఆపలేదు, గెయిన్ తగ్గించి, తగ్గినదంతా చేతిబలంతో పూడ్చాలన్నట్టు మీటాను, నన్ను చూసి బావ కూడా నా గిటారు వినబడేలా డ్రమ్ముల జోరు తగ్గించాడు. పాట ముగిసేసరికి వేలి చర్మం లేచిపోయింది. సగం మంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఊరి నుంచి వచ్చిన అమ్మ నా వేలికి రుమాలు చుడుతూ, "నువ్వేటి వాయించినావో నాకు తెల్దు గానీ, బెదరలేదే" అంది.

ప్రతి దెబ్బా విడిగా పలికేదే తీసుకోమని మేనకోడలికి చెప్పాను. తనకిప్పుడు బరువు మోసే పని లేదు, వోల్టేజీ భయం లేదు, మంచిదే. అయితే ఆ మోత తన చెవుల్లోనే పుట్టి అక్కడే ఆగిపోతోంది. ఆపమని కేకలేసేవాళ్లే లేనప్పుడు, ఆగకుండా వాయించడంలోని రుచి ఆ పిల్లకు ఎవరు చూపిస్తారు?